బెత్తెడు దూరం

గుంతకల్లులో మిక్సీలు బాగుచేసే అంగడి మీద నాదొక గది.
గోడలకు కోడిగుడ్ల అట్టలు, కిటికీకి పాత బొంత.
గూడ్సు బండి పోయేటప్పుడు పని ఆపి
పెట్టెలు లెక్కపెట్టుకుంటా కూర్చుంటాను.
యాభై ఎనిమిది. ఒక్కోసారి యాభై తొమ్మిది.

మొదటి ఫిల్టరు నేనే చేసుకున్నాను:
చెల్లెలు కుట్టు మానేసిన ఎంబ్రాయిడరీ చట్రం,
దాని మీద బిగదీసిన నైలాన్ సాక్సు,
చెడిపోయిన టేబుల్ లైటు మెడ.
రెండోది బెంగళూరు నుంచి తెప్పించిన ఇనుప జాలీ.
తుడిస్తే చాలు, పదేండ్లు మన్నుతుందన్నారు.
మన్నింది గానీ, 'స' వచ్చినప్పుడల్లా
సన్నగా ఈల వేసేది.
మూడోది స్పాంజి టోపీ.
తొడిగితే పాడేవాళ్లకందరికీ జలుబు చేసినట్టుండేది.
మళ్లీ సాక్సుకే వచ్చినాను.

కొత్తవాళ్లు వస్తే కొవ్వొత్తి వెలిగిస్తాను.
మూతికి బెత్తెడు దూరాన పెట్టి అక్షరాలు పలకమంటాను.
'మ' అంటే మంట కదలదు,
అమ్మా అని ఎన్నిసార్లు అన్నా.
'బ' అంటే తల వంచి లేస్తుంది.
'భ' అంటే వణుకుతుంది.
'పో' అంటే ఆరిపోతుంది.
ఆ మాటకు నిలిచిన మంటను నేను చూడలేదు.

మైకూ అంతే.
మాటకు అది ఓర్చుకుంటుంది,
మాట వెనక తోసుకొచ్చే గాలికి ఓర్చుకోలేదు.
మనకు వినపడని ఆ దెబ్బ
స్పీకర్లో తలుపు గుద్దినట్టు ధబ్బుమంటుంది.

అందులో మా సీమ నోళ్లు!
రాప్పా, కూసోప్పా, ఏమబ్బా, తిన్యావా అబ్బా,
ఏ పిలుపైనా చివర పెదాలు గట్టిగా మూసి తెరుస్తాం.
దేశమంతా ఒక పొర చాలునేమో,
మాకు రెండు కావాల.

నిరుడు కార్తీకంలో కుళ్లాయప్ప వచ్చినాడు.
నలభై ఏండ్లు ఉల్లిగడ్డల బండి తోసిన గొంతు.
ఇంక అరిస్తే ఉన్నది కూడా పోతుందని
గుత్తి డాక్టరు చెప్పినాడంట.
"ఒక్కసారి పట్టీప్పా, పెట్టెలో పెట్టుకోని తిరుగుతా."

ఫిల్టరు ముందర నిలబడి నవ్వినాడు.
"ఈ తెర యాలప్పా, నాకేమన్నా పెండ్లా?"
జీలకర్ర బెల్లం లేవు గానీ
ఇది కూడా అడ్డుతెరే అన్నాను.

మూతికీ తెరకూ నాలుగు వేళ్లు,
తెరకూ మైకుకూ మూడు.
కదలొద్దంటే సరేనంటాడు.
పిలుపు వచ్చేసరికి ముందుకు వంగుతాడు,
ఎదురింటి అరుగు మీద ఎవరో కూచున్నట్టు.
"ఉల్లిగడ్డలప్పా! ఎర్రటి గడ్డలప్పా!"
మీటరు సూది ఎర్రలోకి పోయి కొట్టుకుంది.
రెండో పొర వేసినాను.
మైకును ఒకపక్కకు తిప్పినాను.
నేల మీద సుద్దముక్కతో గీత గీసి
దాటొద్దని చెప్పినాను.
ఏడో సారికి, గుంటక తోలిన చేను మాదిరి
చదునుగా వచ్చింది.

వినిపించినాను.
హెడ్‌ఫోన్ తీసి చేతిలో తిప్పి తిప్పి చూసినాడు.
"బాగుందప్పా. ఎవురు ఈయప్ప?"

అంతలో గూడ్సు వచ్చింది.
పెట్టెలు లెక్కపెట్టలేదు ఆ పొద్దు.

బండి పోయినాక ఒక పొర తీసేసినాను.
సుద్దగీత చెప్పుతో తుడిచేసినాను.
ఎట్ల పిలుస్తావో అట్లే పిలవమన్నాను.
ధబ్బుమన్న చోట్లు మూడు.
రెండింటి దగ్గర అడుగు శబ్దం కోసినాను.
మూడోదాని దగ్గర చెయ్యి పోలేదు.
ఇప్పుడు ఆయన ఆటో మా సందులోకి తిరిగితే
ముందు ఆ ధబ్బే వినిపిస్తుంది,
తర్వాతే ఉల్లిగడ్డలు.

కూలి కింద మూడు కేజీలు తూచి
కొసరుగా రెండు గడ్డలు వేసి పోయినాడు.
రాత్రి సాక్సు విప్పి బకెట్లో నానేసినాను.
రెండుసార్లు సబ్బు పెట్టినా వాసన పోలేదు.

పొద్దున ఒక అమ్మాయి వచ్చింది,
నగల అంగడి ప్రకటన చదవడానికి.
"ఈడ వంట చేస్తారా అన్నా?" అని ముక్కు ఎగబీల్చింది.
ఏమీ చెప్పకుండా కొవ్వొత్తి వెలిగించి
'పో' అనమన్నాను.
"ఎవర్ని?" అంది.
నవ్వు ఆపుకోలేక, నవ్వుతానే అనింది.
మంట తూలింది,
మళ్లీ నిలబడింది.