గడప నుంచి నీటిదాకా

కాలువ కట్టేశారు.
మార్టేరు దిగువన తూము అడుగున
బురద పెంకులు పెంకులుగా పగిలింది.
జూన్‌లో నీళ్ళు వదులుతారు,
ఈలోగా కొత్త తలుపు దిగాలి.

లస్కరు ఏసుపాదం గారు
గడప రాయి మీద మోచెయ్యి ఆనించి
పైకి కొలుచుకుంటూ పోయారు.
"మూడు మూరలండి. ఆపైన బెత్తెడు.
ఇదిగో ఇక్కడండి నీరు నిలబడేది."
సుద్దముక్కతో గీశారు.
నేను టేపు పట్టాను: పద్నాలుగు వందల నలభై.
ఆయన చేతికీ నా టేపుకీ తేడా
ఒక గోరంత.

పాలకొల్లులో, భద్రాచారి గారి షాపు వెనక గదిలో
గ్రైండరు రొదకి మౌసు వణుకుతుంటే
తలుపుని తెరమీద నిలబెట్టాను.
ఎదుటి వ్యూ, పక్క వ్యూ, కోసి చూపే వ్యూ.
స్కేలు ఒకటికి ఇరవై.
వెనకున్న పట్టీలు తెగిన గీతలై దాక్కున్నాయి.
నడిమి గీత ఒక పొడుగడుగు, ఒక పొట్టడుగు వేస్తూ
కుంటుకుంటూ దిగింది గడపదాకా.

నీటి గీత గీశాను.
గడపకీ దానికీ కొలత పెట్టాను.
డెబ్భై రెండు, అంది.

డెబ్భై రెండు మిల్లీమీటర్ల నీళ్ళు!
కప్పకి వీపు తడవదు.
దిగువన ఆకుమడి వేసుకుని కూర్చున్నవాళ్ళకి
ఏమని చెప్పను?

"దానికేంటమ్మా," అన్నారు భద్రాచారి గారు
భుజం మీంచి తొంగిచూసి,
"అంకె మీద నొక్కి అసలంకె కొట్టెయ్యి.
కాగితానికేమన్నా నోరుందా?"

లేదు. అందుకే భయం.
నిరుడు ఎవరో అలా కొట్టిన అంకె
ఎగువ తూములో ఇప్పటికీ కారుతోంది.
బొమ్మ మారింది,
పైన కొట్టిన అంకె మారలేదు.
ఇనుము అంకెనే నమ్మింది.

వ్యూ అంచు పట్టుకుని పక్కకి లాగాను.
తలుపు జరిగింది.
నీటి గీత అక్కడే ఉండిపోయింది
తెల్లకాగితం మధ్య,
ఏ తలుపూ ఆపని నీరు.

అప్పుడర్థమైంది.
నేను వ్యూ లోపలికి వెళ్ళనేలేదు.
బయట నిలబడి కాగితం మీద గీశాను.
అది చెప్పింది కాగితం నిజం:
కాగితం మీద డెబ్భై రెండే.
పడవలో పెట్టాల్సిన గుర్తు
గట్టున పెట్టి వచ్చినదాన్ని నేను.

చెరిపాను. వ్యూ మీద రెండుసార్లు నొక్కితే
చట్రం వెలిగింది. లోపలికి దిగాను.
ఈ గాడి నుంచి ఆ గాడిదాకా గీత,
గడపకి సమాంతరంగా ఉండమని కట్టేశాను.
కొలత ముల్లు గడప అంచుకే తగిలించాను,
అంచు దగ్గర కాదు, అంచుకే.
పెద్దది చేసి చూస్తే
దగ్గరన్నది ఎంత దూరమో తెలుస్తుంది.

పద్నాలుగు వందల నలభై.
స్కేలు ఒకటికి పది చేశాను.
తలుపుతోపాటు గీత ఎదిగింది.
అంకె మాత్రం రెప్ప వెయ్యలేదు.

ఇంకొక్కటి మిగిలింది.
గాడుల మధ్య వెడల్పు
పైన రెండువేల నాలుగు వందలు,
అడుగున ఆరు తక్కువ.
మూడుసార్లు కొలిచినా ఆరు తక్కువే.
"సమం చేసెయ్యమ్మా, చూడ్డానికి బావుంటది."
రెండూ రాశాను.
వాలిన రాయిని నిటారుగా గీసినంత మాత్రాన
అది లేచి నిలబడదు.

వెల్డరు నూకరాజు ఆ ఎత్తులో
తలుపు పొడవునా సన్నటి పూస వేశాడు.
తడిమితే తెలుస్తుంది, చీకట్లో కూడా.

నీరొచ్చింది రాత్రిపూట,
చెత్తా నురగా తోసుకుంటూ, ఎర్రగా.
సుద్ద గీత ఎప్పుడో కరిగిపోయింది.
ఏసుపాదం గారు గట్టున బోర్లా పడుకుని
చెయ్యి కిందికి చాచి పూస వెతికారు.
"ఇంకా రెండు వేళ్ళండి," అన్నారు.
"ఎక్కుద్ది. తెల్లారనివ్వండి."

పక్కనే కూర్చున్నాను.
టేపు సంచిలోనే ఉంది.