పదకొండో చావు

మా నాన్న ఆ సినిమాలో పదకొండు సార్లు చచ్చిపోతాడు.
లెక్క నాది కాదు, దెల్మీరా అత్తది.
వడ్డీకి తిప్పే మనిషి, లెక్క తప్పదు.

వారమంతా బస్సు నడిపేవాడు,
రియాచుయెలో వంతెన మీదుగా రేవు దాకా.
సెలవు రోజున మాత్రం
మాంత్రికుడి సైన్యంలో కాలిబంటు.
వాలెంతీన్ అల్సీనాలో మూతబడ్డ తోళ్ళ కార్ఖానా,
అదే కోట.
గోడలు అట్ట, బండరాళ్ళు స్పాంజి.
మంటలొక్కటే నిజం,
అవి చవక.

పరాయి దేశం నుంచి కండల వీరుడొకడు దిగాడు.
ఒంటికి నూనె, నడుముకి గొర్రెతోలు,
జూలై చలికి పళ్ళు టకటక.
వాడు వెయ్యిమందిని నరకాలని కథలో ఉంది.
ఉన్నది పద్నాలుగురం, అన్నాడట మేనేజరు.
ఇంకేం చేస్తారు,
చచ్చినవాణ్ణి లేపి
గడ్డం అతికించి మళ్ళీ పంపారు.

మూడో చావులో నాన్న చేతికి వాచీ ఉంటుంది.
నాలుగూ ఇరవై.
ఐదింటికి డ్యూటీ.
ఆరో చావులో ఒక కన్ను తెరిచి
నేరుగా మనకేసి చూస్తాడు,
అయిపోయిందా అన్నట్టు.
చావుకేక ఆయనది కాదు.
ఎక్కడో ఎవడో ఒక్కసారి అరిచి పెట్టాడు,
అదే కేక పదకొండింటికీ.
బతికున్నన్నాళ్ళూ మా నాన్న
అంత గట్టిగా అరిచింది లేదు.

డ్రాగన్ నాలుక అమ్మ పాత వానకోటు.
ఎడమ దవడలో బొత్తాం అలాగే ఉండిపోయింది.
అది నోరు తెరిచి గర్జించగానే
బోచాస్ క్లబ్బులో, దుప్పటి తెర ముందు,
మా వీధి వీధంతా ఒక్క గొంతుతో
"బొత్తాం!"

డబ్బున్న సినిమాలూ చూశాను తర్వాత.
ఒక్క కుట్టు కనపడదు, ఒక్క తాడు కనపడదు.
బావున్నాయి, కాదనను.
కానీ సూది దూరే సందు లేని ఇంట్లో
చుట్టం ఎక్కడ కూర్చుంటాడు?
ఇక్కడ అట్టకత్తి వంగిపోతుంది,
వీరుడు మోకాలికి ఆనించి సరిచేసుకుంటాడు,
శత్రువు పాపం ఆగుతాడు.
ఆగే శత్రువుని
నేను ఇంకెక్కడా చూడలేదు.

మాకు తెలిసిన వాళ్ళు ఆగలేదు.
రాత్రి పూట, నెంబరు లేని కారులో వచ్చేవాళ్ళు.
ఎదురింటి ఫాబ్రిసియోని అలాగే తీసుకెళ్ళారు,
కాళ్ళకి ఒక్క చెప్పుతో.
వాళ్ళమ్మ ఓఫెలియా ప్రతి ఏడూ వచ్చేది,
కుర్చీ తనే మోసుకుని, ముందు వరసలోకి.
మాటల్లేవు, నవ్వుల్లేవు.
బొత్తాం అని కూడా అనేది కాదు.
నాన్న కొత్త గడ్డంతో లేచి వచ్చినప్పుడు మాత్రం
చప్పట్లు,
చేతులు ఎర్రబడేదాకా చప్పట్లు.
నాన్న సిగ్గుపడి బయటికెళ్ళి సిగరెట్టు ముట్టించేవాడు.

నాన్న పోయి తొమ్మిదేళ్ళు.
ఆస్పత్రిలో, మధ్యాహ్నం, భోజనాల వేళ.
దెల్మీరా అత్త వేళ్ళు మడిచి "పన్నెండు" అంది,
తిరిగి గోడకేసి చూస్తూ కూర్చుంది.
వాచీ నా దగ్గరుంది. ఆగిపోయింది.
నాలుగూ ఇరవై దగ్గర కాదు,
అంత కథ కాదు మాది.
ఏడుకి దగ్గర్లో ఎక్కడో.

టేపు అరిగిపోయింది.
పదకొండో చావు వచ్చేసరికి తెర నిండా గీతలే.
కోట మెట్ల మీంచి దొర్లుతాడు,
మెట్లు స్పాంజి కాబట్టి రెండుసార్లు ఎగురుతాడు.
వీరుడు విజయగర్వంతో నడుచుకుంటూ వచ్చి
చూసుకోకుండా నాన్న వేళ్ళు తొక్కుతాడు.
అప్పుడు ఆ గీతల మధ్య
చచ్చిన చెయ్యి మెల్లగా
పక్కకి జరుగుతుంది.

పిల్లలకి కనపడదట.
వెనక్కి తిప్పండి, అంటుంది ఓఫెలియా,
తొంభై రెండేళ్ళు, కళ్ళు సరిగ్గా ఆనవు,
జరిగింది, నేను చూశాను,
వెనక్కి తిప్పండి.