నలభై మూడు దినాల లెక్క

వకీలమ్మ సుజన కండ్లద్దాలు తుడుసుకుంట చెప్పింది:
"నువ్వు సీదా అప్పీలు చెయ్యరాదు, అనసూర్యా.
చేసుకుంటనని ముందుగాల అడగాలె.
వాళ్లు సరేనంటె, అప్పుడు అడగాలె."

అదాలత్ ముందర రేకు కింద టైపు మిషను
టకటకా నన్ను కొట్టుకుంట పోయింది:
కుడికాల అనసూర్య, భర్త కీర్తిశేషులు సాంబయ్య,
వయసు యాభై రెండు, నేత పని, కొత్తవాడ.
నా గురించి ఇంత నీటుగ ఎవలూ ఎన్నడూ చెప్పలే.

దావా మా మరిది ఓదెలు మీద.
కిరాయి చిట్టీ ఆయన పేర ఉండె.
ఆయన భీవండి పోయి పదకొండేండ్లు.
కోర్టుల మూడుసార్లు పిలిచిండ్రట
ఓదెలూ, ఓదెలూ, ఓదెలూ అని.
పలకలేదట.
పవర్‌లూముల మోతల
పక్కన నిలబడ్డోని మాటే ఇనరాదు,
వరంగల్ల పిలిస్తె ఏం పలుకుతడు?

ఆ పూట నేను ఇంట్లనే ఉన్న,
నీలం నూలు కండెలు చుట్టుకుంట.
నన్నెవలు పిలువలే.
పిలువకుంటనే పలుకనిదాన్నయిన.

ఆర్డరయినంక ముప్పై దినాల్ల రావాలెనట.
నేను డెబ్బై మూడో నాడు వచ్చిన.
ఎక్కువైన నలభై మూడింటికి
దినం దినానికీ కారణం రాయాలె,
తెగిన పడుగుల ఒక్కొక్క పోగు ఎతికి ముడేసినట్టు.

రాయుండ్రి మరి.
మొదటి తొమ్మిది దినాలు నాకు తెల్వనే తెల్వదు.
తెల్వని దినాలకు తెల్వకపోవుడే కారణం.
పదోనాడు పాలప్యాకెట్ల పిల్లగాడు
తలుపుకు అతికిచ్చిన కాయితం చదివిండు,
"పెద్దమ్మా, ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నరు."
ఓదెలు ఫోను మూడు దినాలు బందు.
పద్నాలుగోనాడు ఎత్తి
"వదినె, ఆ ఇంటితోని నాకేం పని" అన్నడు.
ఆ రాత్రి నిద్ర పట్టలే. అది గూడ రాయాల్నా?
ఇగ వానలు. గుంటల నీళ్లూరి మగ్గం ఆగింది,
ఐదు దినాలు చెంబుతోని తోడిన.
నకలుకు ఆరు దినాలు తిరిగిన,
రేపన్నరు, ఎల్లుండన్నరు,
వాళ్ల ఆలస్యానికి వాళ్లు ఎవల మాఫీ అడుగుతరో.
మిగిలిన పద్దెనిమిది,
జంపఖానా ఒకటి నేసిన, పదడుగులది.
అది అమ్మితేనే గద సుజనమ్మా నీ ఫీజు.
ఎర్ర అంచుది. యాదికుండాలె నీకు.

"అదొద్దు" అన్నది వకీలమ్మ.
"ఆరోగ్యం బాగలేదని రాస్త."
నాకేం రోగం లేదన్న.
రోగం లేకుంటె మాఫీ దొరుకుడు కష్టమట.

ఆస్తి షెడ్యూలు చదివి వినిపిచ్చింది:
తూర్పుకు గల్లీ, పడమరకు వేముల రాజవీరు ఇల్లు,
ఉత్తరం మోరీ, దక్షిణం దావాదారుని ఖాళీ జాగ.
రెండు అర్రలు, ఒక సాయబాను, పైన రేకులు.

గుంటేది?

సాంబయ్య రెండు రాత్రులు తవ్విన గుంట.
ఆయన మడిమెలకు నున్నగైన అడుగు మన్ను,
ఇప్పుడు నా మడిమెలకు.
మంచం మోస్తరు. బీరువ మోస్తరు.
మగ్గం కట్టెలు ఇప్పి ఆటోల ఏస్తరు.
గుంటను ఏ ఆటోల ఏస్తరు?
ఇల్లు సేటుదే, కాదంటలేను.
నెలనెలా కిరాయి ఆయన కొడుకు చేతిల పెట్టిన.
రశీదు అడగలే.
అడుగుడు అప్పటికి నేర్వలే.

ఇయ్యాల పేషీ.
నల్లకోట్ల ఎనుక గోడకు ఆనుకొని నిలబడ్డ.
బంట్రోతు కట్ట చూసి
అలవాటుగ పాత పేరే పిలిచిండు:
"ఓదెలూ..."
రెండోసారికి నోరు తెరవకముందే
"అనసూర్య" అన్న.
నా పేరు నేనే పిలిచి
నేనే పలికిన.

జడ్జిసాబు తలెత్తి చూసిండు.
అవతలోల్లకు నోటీసన్నడు. పద్నాలుగు తారీఖన్నడు.
గంతే. ఇంకో కట్ట తీసిండ్రు.

ఇంకా ఎనిమిది దినాలు.
ఇంటికచ్చి గుంటల దిగిన.
తొక్కుడు చెక్క కింద
జరంత తడి ఉన్నది ఇంకా.