పిండి ముద్ద

ఆటోనగర్ మూడో రోడ్డులో
పాత రిమ్ముల గుట్ట మీద కూచుని
నాగుల్ మీరా అడిగాడు:
"చూపుకా, తిరగడానికా?"

నాకు పదిహేనంగుళాలవి కావాలి.
పాతికేళ్ల ఎర్ర బండి, రెండే సీట్లు.
కంపెనీ ఇచ్చినవి పదమూడు;
ఒకటి కృష్ణలంక గుంటలో చిట్లింది.

అతను రిమ్ముని బోర్లించి
నడిమి గీత నుంచి బోల్టుల ముఖం దాకా
స్కేలు పెట్టాడు.
"ఇరవయ్యే. నీ బండిది ముప్పై ఐదు.
పదిహేను మిల్లీమీటర్లు బయటికి తోసుకొస్తది,
మడ్‌గార్డు ఊరుకోదు."

వేలెడు కూడా లేదు కదా, అన్నాను.

పక్క హోటల్లో పరోటా పిండి ముద్ద తెచ్చి
మడ్‌గార్డు అంచు లోపల అతికించాడు.
స్టీరింగు ఆ చివరికంటా తిప్పాను.
ఇద్దరు కుర్రాళ్లు బానెట్ మీద కూచుని ఊగారు.

పిండి మీద టైరు పళ్లు,
ఎవరో కొరికి వదిలేసినట్టు.
దాన్ని నేనే ఒలిచి చూశాను.

పద్నాలుగుకి దిగాను. ముప్పై ఎనిమిది.
లోపలికి మూడు. స్ప్రింగుకి తగలదని
మళ్లీ ముద్ద పెట్టి చూపించాడు.

బెంజి సర్కిల్ మలుపులో చెవి రిక్కించాను.
ఏ చప్పుడూ లేదు.
కొంచెం నిరాశగా కూడా ఉంది.
గోళ్లలో ఎండిన పిండి.