అరవై ఫ్రేముల వాన

తిబిలిసిలో, సందు చివర, మెట్ల కింద,
తాళంచెవులు చేసే ముసలాయనకీ
రొట్టెలు కాల్చే పొయ్యికీ మధ్య మా కొట్టు.
బల్ల మీద రెండు గ్రాఫిక్స్ కార్డులు.
కొలవడం నా పని.

పాతది పన్నెండేళ్ళది.
స్వానెతి కొండల్లో ఎవరిదో పశువుల పాకలో
రాత్రింబవళ్ళు కంటికి కనబడని నాణేలు తవ్వి వచ్చింది.
కుంచెతో దులిపితే
రేకుల సందుల్లోంచి ఎండుగడ్డి,
ఒక పరక, ఇంకో పరక,
ఆ తర్వాత ఆవు వెంట్రుక ఒకటి.
ఇన్నాళ్ళూ ఆ గాలే పీలుస్తూ లెక్కలు చేసింది కాబోలు.

కొత్తది అట్టపెట్టెలోంచి దిగింది
బడికి మొదటిరోజు వచ్చిన పిల్లాడిలా.
దానికింకా ఏ వాసనా పట్టలేదు.

ఒనిసే బల్ల మీద మోచేతులాన్చి నిలబడ్డాడు,
జేబులో ద్రాక్షకోతల డబ్బు.
"నిజం చెప్పు నానులీ, ఎంత తేడా?"

కొత్తొక వింత పాతొక రోత అంటారు,
నాకు మాత్రం రెండూ రెండు వరుసలు.
అదే కోట, అదే మంట, అదే గుర్రం అదే గోడ దూకడం.
పాతదానికి సెకనుకి ముప్ఫై ఎనిమిది ఫ్రేములు,
కొత్తదానికి రెండొందల పద్నాలుగు.
పాతది రెండొందల నలభై వాట్లు తాగి
ఎనభై మూడు డిగ్రీల జ్వరంతో
రొట్టెలాయన తొంగిచూసేంత హోరు పెట్టింది.
కొత్తది అందులో సగంతోనే పని కానిచ్చి
ఇంతేనా అన్నట్టు కూర్చుంది.
పాతదాని తరపున ఒక్కటి చెప్పాలి:
డిసెంబరులో నా చేతులు దాని వెనకే కాచుకుంటాను.
ఆ గడి పట్టికలో లేదు.

ఆఖరి పరీక్ష ఎవరికీ చూపించను.
బద్రి చేసిన ఆట.
ఇదే కుర్చీలో, ఇలాంటి కార్డు మీదే,
కొట్టు మూసేశాక రాత్రిళ్ళు ఉండిపోయి రాసుకున్నాడు.
ఒక వంతెన, కింద నది, అంతటా వాన.
ప్రతి చినుక్కీ విడిగా లెక్క వేశాడు, పిచ్చివాడు.
కార్డు ఊపిరి ఎక్కడ తెగుతుందో
సరిగ్గా అక్కడిదాకా కురిపించాడు.
గొడుగేసుకుని వంతెన దాటే మనిషికి
తన నడకే ఇచ్చాడు,
ఎడమకాలు కొద్దిగా ఈడ్చి, ఆగి, మళ్ళీ.
బద్రి పోయి ఆరేళ్ళు.

పాతదాని మీద
అరవై ఫ్రేములకి అటూ ఇటుగా పడుతుంది వాన.
మనిషి దాటుతాడు. ఎడమకాలు. ఆగడం. మళ్ళీ.
నలభై సెకన్లు పడుతుంది,
టీలో చెంచా కదపకుండా నేను చూసే నలభై సెకన్లు.

కొత్తదాని మీద అదే వంతెన,
నాలుగొందల ఇరవై ఫ్రేములు.
కాలాన్ని తెచ్చి ఫ్రేములకి కట్టేశాడు బద్రి,
వాటిని ఇంత తోలే రోజులొస్తాయని అనుకోలేదు.
వాన తెల్లటి గీతలైపోయింది.
ఆరు సెకన్లలో మనిషి అవతలి గట్టున ఉన్నాడు.
దాచడమెందుకు, మళ్ళీ నడిపించి చూశాను,
మళ్ళీ, ఇంకోసారి:
ఆ వేగంలో బద్రికి కుంటి లేదు.
గొడుగు పట్టుకుని పరిగెత్తాడు
కదిలిపోయే రైలు అందుకునేవాడిలా.
నవ్వుతున్నాడనిపించింది. అది నా భ్రమ,
పదహారు చుక్కల మొహంలో నవ్వుకి చోటెక్కడిది?

కళ్ళెం వేయొచ్చు, తెలుసు. ఒక్క సెట్టింగు.
అరవై దగ్గర ఆపితే కొత్తదీ బుద్ధిగా కుంటిస్తుంది,
ఫ్యాను కూడా తిరగదు, అంత తేలిక దానికి.
మౌసు దాకా వెళ్ళింది చెయ్యి.

"ఏది తీసుకోను?" ఒనిసే.
"కొత్తదే," అన్నాను. "ఆలోచించడానికేముంది?"
నోట్లు లెక్కపెట్టాడు,
ఒకటీ రెండూ ద్రాక్ష జిగురుకి అంటుకుపోయి ఉన్నాయి.

పాతదాని చీటీ మీద నలభై లరి అని రాశాను.
యజమాని గూరం లోపలికి వెళ్ళేదాకా ఆగి
చీటీ మడిచి జేబులో వేసుకున్నాను.