సెలువు

ప్లానైతే పక్కాగనే ఏసిన.
మిగిలిపోయిన ఫ్లెక్సు ముక్క తిరగేసి
మార్కర్ తోని, టైములతో సహా:
ఆరూ నలభైకి దేవరకొండల బస్సు.
తొమ్మిదికి నల్లగొండ గడియారం కాడ చాయ్.
పదిన్నరకు పానగల్లు మ్యూజియం,
గేటు తీయంగనే మొదటి మనుషులం మేమే.
రాతి బొమ్మల కాడ రెండు గంటలు.
పక్కన సన్నగ రాసుకున్న:
తొందర పెట్టొద్దని ముత్తెమ్మకు చెప్పాలె.

పన్నెండేండ్లాయె ఫ్లెక్సు దుకాణంల చేరి.
పుట్టినరోజులు, సంతాపాలు, ఓట్ల మొకాలు,
మౌసు పట్టి మీసాలు నున్నగ జేసుడే నా పని.
హనీఫ్ సేటు శుక్రారం ఒక్కనాడే షట్టరు దించుతడు.
ఆ ఒక్కనాడు
బ్రష్షు పట్టిన నాటి కండ్లు పెట్టుకొని
ఏదన్న ఒకటి మంచిగ చూసి రావాలని.

"రాళ్లు చూడనీకి చార్జీలు పెట్టుకొని పోవాల్నా" అన్నది ముత్తెమ్మ.
అనుకుంటనే పులిహోర కట్టింది,
అనుకుంటనే కొత్త చీర మడత ఇప్పింది.

గేటుకు తాళం.
లోపల వేపచెట్టు కింద కుక్క ఒకటి
టికెట్టు లేకుండ పండుకున్నది.
వాచుమన్ అంజిలయ్య పండ్లపుల్ల తీయకుండనే చెప్పిండు:
"శుక్రారం బందు. రేపు రాండ్రి."
రేపు నాకు రెండు పెండ్లి ఫ్లెక్సులు, ఒక దినాల ఫ్లెక్సు.
సేటు సెలవే దీని సెలవు.
నాకు పని ఉన్నదాంక
నేనూ ఇదీ ఒకరి మొకం ఒకరం చూసేది లేదు.

ముత్తెమ్మ అయ్యో అననే లేదు.
కడ్డీల సందుల నుంచి తొంగి చూసి
"అగో, అక్కడొకామె నిలబడ్డది" అన్నది.
నిజమే. గోడవార ఒక రాతి మనిషి, మాకు వీపు పెట్టి.
ఒక చెయ్యి మోచేతి దాంకనే ఉన్నది.
"కొప్పు చూడు, ఎడమకు ఒరిగింది. పనికి పోయేటామె అది.
జాతరకైతే నడుమకు పెట్టుకుంటది."
నేను మొకం కోసం మెడ సాపుతున్న,
ఆమె కొప్పు కాడనే కథంత చదివింది.

అప్పుడు కనవడ్డది, తాళానికి జానెడు మీద,
తుప్పు తిన్న రేకు బోర్డు:
శుక్రవారం సెలువు.
తలకట్టుతోని ఆగాల్సిన ల కు
కొమ్ము.

అప్పుడు నాకు పదిహేడేండ్లు.
జబ్బారు ఉస్తాదుకు తెలుగు చదువరాదు, గీయ వస్తది.
నేను సుద్దముక్కతోని రాసిస్తె
పసుపు మీద నల్లరంగు నింపుకుంట పోయేటోడు.
అక్షరం కింద గేరు రంగు నీడ,
కుడిపక్కకు, ఎప్పటికైన కుడిపక్కకే.
ఆ దినం నాకు ఆకలి,
సైకిలు హ్యాండిలుకు టిఫిను గిన్నె ఊగుతున్నది,
తొందరల కొమ్ము ఒకటి ఎక్కువ పడ్డది.
ఆయన దాన్ని కూడ
మిగతా కొమ్ముల లెక్కనే
ఊపిరి బిగబట్టి, ముద్దుగ తిప్పిండు.
ముప్పై ఒక్కేండ్లు. ఒక్కరన్న దిద్దలే.

"తప్పు నీదేనా!" అంజిలయ్య పుల్ల ఉమ్మేసిండు.
"రోజు చూస్తనే ఉన్న.
సర్కారు స్పెల్లింగు గట్లనే ఉంటదనుకున్న."

తర్వాత ఛాయా సోమేశ్వరానికి పొలం గట్ల మీద నడిచినం.
లోపల దేవుని మీద పొద్దంత కదలని నీడ.
ఏ స్తంభానిదో తేలాలని ముత్తెమ్మ
ఒక్కో స్తంభం కాడ చెయ్యి అడ్డం పెట్టి చూసింది.
తేలలే. పంతం పట్టి మళ్ల మొదటికెళ్లి షురూ జేసింది.
నా మనసు అక్కడ లేదు.
ఆ గేరు రంగు దేంతోని కలిపేటోడో.
జాజు, ఇంత నూనె, ఇంకొకటి ఏదో.
చెప్పిండు. నేను మరిచిన.

ఫ్లెక్సు ముక్క పరుచుకొని పులిహోర తిన్నం.
పదిన్నర మీద ఎండుమిరపకాయ,
రెండు గంటల మీద పల్లీలు.
ముత్తెమ్మ చెయ్యి కడుక్కుంట అడిగింది,
"వచ్చే శుక్రారం ఎటు?"

మార్కర్ కోసం జేబు తడుముకున్న.