నాలుగో కుర్చీ

మా చేదోడు సంఘానికి ఆఫీసు లేదు.
చండూరుల నా సైకిల్ షాపు ఎన్క రేకుల అర్ర,
అండ్ల ఆరు చక్రాల కుర్చీలు, రెండు నీళ్ల పరుపులు,
చంకకర్రలు ఓ కట్ట,
దండెం మీద ఆరేసిన నోటుబుక్కు
మొన్న వానకు తడిసింది.

పుస్తకంల మూడే గడులు:
ఎవరు తీస్కపోయిండ్రు,
ఎప్పుడు,
మళ్ల ఎప్పుడు తెచ్చిండ్రు.
ఎందుకు తెచ్చిండ్రో రాసే గడి లేదు.
గీతలు కొట్టేటప్పుడే కిష్టాచారి సారు
స్కేలు ఆపి, జరసేపు సూసి,
వద్దులే అన్నడు.

రాయకున్నా నాకు తెలుస్తది.
బాగైనోల్ల కుర్చీ బురదతోటి వస్తది.
ఆటోల అడ్డం పడేసి తెచ్చి
"అన్నా, బ్రేకు జర పట్టేస్తుంది" అని పోతరు.
పోయినోల్ల కుర్చీ కడిగి వస్తది.
సబ్బుతోటి రుద్ది, ఎండకు పెట్టి,
ఒక్కోసారి చక్రానికింత పసుపు రాసి.
తెచ్చినాయన దాన్ని నెట్టడు.
ఖాళీగ నెట్ట బుద్ధిగాక
నెత్తిన పెట్టుకొని వస్తడు.

నేను తలకిందులు చేసి ఇరుసు విప్పుత.
పానాకు తెలిసినంత మనిషి చెప్పడు.
నాంపల్లి నుంచి వచ్చినదాంట్ల పత్తి పింజలు,
అంటే ఆమెను చేనుగట్టు దాక తీస్కపోయిండ్రు,
మంచిగయింది.
గట్టుప్పల్ నుంచి వచ్చినదాంట్ల పట్టుదారం
ఎర్రగ, చుట్లు చుట్లు,
ముసలాయనను మగ్గం పక్కనే కూసోబెట్టిండ్రు.
ఇంకోదాంట్ల ఏం లేదు.
ఇంత దుమ్ము సుత లేదు.
ఆ కుర్చీ గడప దాటలే.
గ్రీజు పెడుతుంటే చెయ్యాడలే నాకు.

నాలుగోదాని సంగతి వేరు.

మర్రిగూడ దిక్కు ఓ ఊర్లె సాలమ్మ.
బోరు నీళ్లు తాగి తాగి ఎముకలు కట్టెలైనయి,
పదేండ్ల సంది ఆమె మొఖం నేలనే సూస్తది.
కుర్చీ దించినం.
సంఘంల కొత్తగ కలిసిన పిలగాడు
పూలదండ పట్టుకొని ఫోన్ తీసిండు.
"ఫోటువల మొఖం రాదు బిడ్డా,
నడినెత్తి వస్తది" అన్నది.
వాడు ఫోను జేబుల పెట్టిండు.
దండ ఏం చెయ్యాల్నో తెల్వక
శానసేపు చేతులనే ఉంచుకున్నడు.

కూసోబెడితే కాళ్లు వేలాడినయి, వీపు తగల్లె.
వంగినోల్లను ఏ కంపెనీ కొలవలే.
"ఇది నిలువుగున్నోల్ల కుర్చీ.
తీస్కపోండ్రి."

ఇయ్యబోయి సిగ్గుపడుడు నాకు అదే మొదలు.

టేపు తేలే. పాత చీర అంచు చింపి
ఆమెనే చేతికిచ్చింది.
మోకాలుకు ఒక ముడి,
నడుముకు ఒక ముడి,
గదువ ఆగే కాడ ఒకటి.
ముడి వేసేటప్పుడు చెయ్యి తగిలితే
నొప్పికి కాదు, చక్కిలిగింతకు నవ్వింది.

మోయిన్ భాయ్ వెల్డింగు షెడ్డుల రెండు రాత్రులు.
సీటు జానెడు కిందికి దించి
ఎన్క ఆనుడు కోసేసి
ముంగట ఓ పలక బిగించినం, చేతులానటానికి.
మోయిన్ భాయ్ పైసలొద్దన్నడు.
రాడ్ల ఖర్చు మటుకు రాయి అన్నడు.
మళ్ల అదీ వద్దన్నడు.
పొద్దుగాల ఇంటికాడికొచ్చి
నూటెనభై తీసుకపోయిండు.

ఇప్పుడా పలక మీద సాలమ్మ
చింతపండు గింజ తీస్తది.
గోలీలాడే పిలగాండ్లను తిడ్తది.
ఫిల్టరు నీళ్ల బండి హారన్ కొడ్తే
అందరికన్న ముంగట ఆమెదే చక్రం,
క్యాను ఒళ్లె పెట్టుకొని మళ్లొస్తది,
ఓ చంటిపిల్లను తెచ్చినట్టు.

మొన్న ఆటోల ఓ సంచి పంపింది.
అండ్ల సోలెడు చింతపండు,
గుడ్డపేలిక ఒకటి,
దానికి మూడు ముడులు.
"ఎదురింటి ఆగమ్మ కొలత.
సంకోచపడ్తుందని నేనే తీసిన.
నా కుర్చీ అడుగుతుంది, నేనియ్య" అని కబురు.

నోటుబుక్కు ఆరింది.
నాలుగో కుర్చీ మూడో గడిల సిరా లేదు,
వాన మరక తప్ప.
పేలికను ముడులిప్పకుండ మడిచి
మోయిన్ భాయ్ కాడికి పోతున్న.
నూటెనభై పైజేబుల పెట్టుకున్న,
ఎందుకైనా మంచిదని.